చేతిరేసు బండి

చైన్ పుల్లీకి వేలాడుతున్న పాత ఇంజను గిర్రున ఒక సుట్టు తిరిగి, ముందట నిలబడ్డ వీరేందర్ తెల్లంగికి నల్లనూనె పూసి ఆగింది.

"జరుగు జరుగు అని మొత్తుకుంటనే ఉన్న గదయ్యా" అన్నడు మేస్త్రి ఏసుపాదం. నవ్వు మాత్రం ఆపుకోలేదు.

"పోనియ్ ఏసన్నా. పీడ పోయింది, సాలు." వీరేందర్ బొటనవేలితోని రుద్ది రుద్ది మరకను ఇంకింత పెద్దగ జేసుకున్నడు. "మా బావ ఇగ రాకెట్ మీద తిరుగుతడు సూడు."

ఆ బావ, వీరేందర్ అక్క మొగుడు, పేరు కాటయ్య. కారు ఆయనదే, పాత మారుతి. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళు పనికిరాకుండ పోయినయి. నేలమీద మెదలాల్నంటె చేతులకు రబ్బరు చెప్పులు తొడుక్కొని మెదుల్తడు. కానీ ఆ చేతులు మామూలు చేతులు కావు. ఇటు పెన్‌పహాడ్, అటు మునగాల, కోదాడ, మిర్యాలగూడ దాక ఏ ఊర్లె కుట్టుమిషను మొండికేసినా ఆడోళ్ళు ముందుగాల ఫోను కొట్టేది ఆయనకే. మిషను తలను కారు వెనక సీట్ల పెట్టుకొని తెస్తడు, బాగు చేసి మల్ల ఇంటికాడ ఇచ్చొస్తడు.

పద్దెనిమిదేండ్ల కింద ఆ కారును కాటయ్య చేతులకు అప్పజెప్పింది ఏసుపాదమే. స్టీరింగ్ పక్కన కుడిదిక్కు ఒక రాడ్డు పెట్టిండు. తన దిక్కు గుంజితె రేసు అందుకొని బండి ఉరుకుతది, ముందటికి నూకితె బ్రేకు. గేరు రాడ్డుకు స్కూటర్ లివరు బిగించిండు, పిడికిలి పడితె క్లచ్చు. ఎవర్ని అడగలే, ఏడ చూడలే. తన మోకాళ్ళు రెండు తువ్వాలతోని కట్టుకొని, వారం రోజులు ఉత్త చేతులతోనే నడిపి, ఎక్కడ చెయ్యి నొస్తె అక్కడ రాడ్డును కోసి, వంచి, మల్ల అతికి ఇచ్చిండు.

ఈ నడుమ ఆ కారు పొగ కక్కబట్టింది. నాలుగు మిషన్ల తలలు ఎక్కిస్తె ఎత్తు ఎక్కనీకె ఏడ్వబట్టింది. ఇంజనుకు బోరింగ్ చేయించి రింగులు మారిస్తె ఇంకో అయిదేండ్లు ఢోకా లేదని ఏసుపాదంకు తెల్సు. తెల్సి గూడ గట్టిగ చెప్పలే. ఎందుకంటె వీరేందర్ తీస్కపోతె కోదాడ పోయి, లింగస్వామి స్క్రాపు దుకాణంల ఈ కొత్త ఇంజను చూసిండు. ఏసుపాదంకు ఒక రోగం ఉన్నది, మంచి ఇంజను కండ్లవడితె ఇగ దాని పక్కన మనిషి కానరాడు. వెనకనుంచి లారీ గుద్దిన బండిది, ముందట గీత గూడ పడలే. నూనెమూత విప్పి, సెల్‌ఫోన్ లైటు కొట్టి లోపలికి చూసి "అబ్బబ్బా" అన్నడు. బేరం అక్కడికే ఖతం. పాత ఇంజను లింగస్వామికే మార్పిడి కింద ఇచ్చేటట్టు మాట్లాడుకొని, కాటయ్యకు అక్కడికెల్లే ఫోన్ చేసి చెప్పిండ్రు.

"మీరు చూసిన్రు గద, మంచిదే ఉంటది" అన్నడు కాటయ్య ఫోన్ల.

మూడు రోజులు ఏసుపాదం అన్నం యాల్లకు తినలే. కొత్త ఇంజను కూసునే జాగలు కొలిచి, పాత పట్టీలు కోసి, కొత్తయి వెల్డింగ్ జేసిండు. పెద్ద రేడియేటర్ పట్టకపోతె ముందటి రేకును అరంగుళం ముందటికి గుద్దిండు. పిడికెడు మందమున్న వైర్ల కట్టను ఒక్కొక్క రంగు చూసుకుంట కలిపిండు. ఈ ఇంజనుకు రేసు కేబుల్ లేదు, అంతా కరెంటు వైర్ల మీదనే. ఆ వైర్ల పెడలుకే చేతిరాడ్డును ఒక లింకు పెట్టి తగిలిచ్చిండు. గట్టిగనే తగిలిచ్చిండు, అనుమానం లేదు.

నాలుగో నాడు పొద్దుగాల బండిని తనే బయటికి తీసిండు. ఆ షెడ్డుల రివాజు అది, ఏ బండయినా మొదటి రౌండు మేస్త్రిదే. హైవే ఎక్కి మునగాల దిక్కు పోనిచ్చిండు. కాలు ఇట్ల ఆనిస్తె అట్ల అందుకుంటున్నది. లారీలు, బస్సులు ఎడమకు ఒక్కొక్కటి ఎనకకు పోతున్నయి. యాభై ఆరేండ్ల మనిషి, ఒక్కడే కూసుని "ప్రభువా, ఏం బండయ్యా ఇది!" అని స్టీరింగ్ మీద రెండు దెబ్బలు ఏసిండు.

కాటయ్య పెండ్లాంతోని ఆటోల వచ్చిండు. బుచ్చమ్మ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కాటయ్య చేతులమీదనే లేశి, సీట్లకు జారి, రాడ్డు మీద చెయ్యేసిండు. ఇంజను లేశింది. సప్పుడే లేదు. పిడికిలి ఇడిసి రాడ్డును మెల్లగ గుంజిండు. ఏం కాలే. ఇంకింత గుంజిండు. బండి ఒక్క దుంకు దుంకి, నిమ్మకాయలు చితికి, షెడ్డు గేటు కాడ ఆగి బందయింది.

"అలవాటయితది తమ్మీ" అన్నడు ఏసుపాదం నవ్వుకుంట. "కొత్త కోడెగద, రెండు రోజులల్ల నీ మాట ఇంటది."

కాటయ్య తల ఊపిండు. మల్ల స్టార్టు చేసి, ఇంకోసారి దుంకిచ్చి, పోయిండు.

*

వారం తిరగలే. ఒక రైతు కారు బ్యాటరీ చూడనీకె ఏసుపాదం మోటర్ సైకిల్ మీద పెన్‌పహాడ్ పోయిండు. పని చూసుకొని వస్తుంటె రోడ్డు పక్క ఇంటి అరుగుమీద కాటయ్య కనవడ్డడు. ఒడిల మిషను తల. పక్కన చేతుల చెప్పులు. ఎండ అరుగు సగం దాక వచ్చింది. ఆయన మిగిలిన సగంల గోడకు ఒరిగి కూసున్నడు.

"ఏంది తమ్మీ, ఈడ?"

"వీరేందర్ మునగాల దాక పోయిండన్నా. పార్సిల్ ఏదో ఉన్నదట. ఇప్పుడే వస్త అన్నడు."

ఆ ఇంటి నర్సమ్మ చెంబుతోని బయటికొచ్చింది. "ఏం ఇప్పుడే? పదకొండు కాంచి గీడనే ఉన్నడు. మూడైతున్నది. అన్నం తినుమంటె వద్దంటడు. నీళ్ళన్న తాగయ్యా అంటె అవి గూడ ముట్టడు. మా ఇంట్ల విషం ఏమన్న పెడుతున్నమా?"

"అయ్యో, గట్లెందుకంటవమ్మా" అన్నడు కాటయ్య నేలచూపులు చూసుకుంట.

నీళ్ళు ఎందుకు ముట్టడో ఏసుపాదంకు సమజయింది. తాగితె పోవాలె. పరాయోళ్ళ ఇంట్ల, మెట్లు దిగి, వాకిలి దాటి, చేతులమీద దొడ్లకు పోవాలె. ఇంటామె చూడంగ. కారు తన చేతుల ఉన్నన్ని రోజులు ఎవరు లేని చోట, చెట్టు చాటుకు ఆపుకునేటోడు. ఎవనికీ చెప్పే పని లేకుండె.

"నువ్వెందుకు నడుపుతలేవు?"

కాటయ్య మిషను చక్రాన్ని ఒక సుట్టు తిప్పి చూసిండు, ఇంకో సుట్టు తిప్పిండు. "చెయ్యి ఆగుతలేదన్నా. రేసు ఇంచు గుంజితె బండి కదల్దు, ఇంకింత గుంజితె ఎగురుతది. నడుమల ఏం లేదు. క్లచ్చు ఒత్తి ఒత్తి పొద్దుమీకె యాల్లకు సూది పట్టుకొస్తలేదు." అరచెయ్యి చూపిచ్చిండు. బొటనవేలు కింద బొబ్బలేచి పగిలి ఉన్నది. "మొన్న మునగాల కాడ మేకల మందలకు పోయింది. దేవుని దయ, ఏం కాలే. వీరేందర్ పక్కన్నే ఉండె. ఆ రోజు కాంచి తాళం ఆయన జేబుల్నే."

"మరి నాకు చెప్పొద్దా? నోరు లేదా నీకు?" ఏసుపాదంకు కోపమొచ్చింది, ఎవరిమీదనో తెల్వలే.

"నువ్వంత సంబురపడితివి" అన్నడు కాటయ్య. "ఎట్ల చెప్పాలె?"

వీరేందర్ నాలుగింటికి వచ్చిండు. చెడ్డోడు కాదు, పాపం. "బావా, ఏమనుకోకు, లేటయింది" అని రెండు చేతులతోని ఎత్తి సీట్ల కూసుండబెట్టిండు, తలకాయకు డోరు తగలకుండ చెయ్యి అడ్డం పెట్టిండు. అన్నీ మంచిగనే చేసిండు. కాటయ్య మాత్రం తలుపేసెదాక కండ్లు మూసుకునే ఉన్నడు.

*

ఆదివారం చర్చి కాంగనె ఏసుపాదం వీరేందర్ కాడికి పోయి తాళం తీసుకున్నడు. కాటయ్యను పక్కన కూసుండబెట్టుకొని సూర్యాపేట మార్కెట్ యార్డుకు పోయిండు. ఆదివారం కొనుగోళ్ళు లేవు. రెండు షెడ్ల నడుమ సిమెంటు దారి ఖాళీగ ఉన్నది. బండి ఆపి, మెడమీది తువ్వాల తీసి తన మోకాళ్ళు రెండు కట్టుకున్నడు.

ముడి బిగిస్తుంటె చేతులు ఆగిపోయినయి. హైవే మీద మొన్న అంత దూరం పోయి వచ్చిండు, ఏం బండని మురిసిండు. కాళ్ళతోని. చేతిరాడ్డును ముట్టనే లేదు. మూడు రోజుల పనిల ఒక్కనాడు గూడ తన కాళ్ళు కట్టుకోవాలెనన్న సోయి రాలే.

"ఏందన్నా?" అన్నడు కాటయ్య.

"ఏం లే." ముడి గట్టిగ బిగించిండు.

రాడ్డు గుంజిండు. ఏం కాలే. ఇంకింత గుంజిండు. బండి లేశి ఉరికింది. బ్రేకుకు నూకెలోపు షెడ్డు గద్దె దిక్కు పోయి, జానెడు దూరంల ఆగింది. కాటయ్య డాష్‌బోర్డుకు చెయ్యి ఆనించి "మెల్లగ మెల్లగ" అన్నడు.

రెండు గంటలు చూసిండు. రాడ్డుకు స్ప్రింగు కట్టిండు. లింకును పొట్టిగ జేసిండు, పొడుగు జేసిండు. నిమ్మలంగ గుంజినా, ఆ వైర్ల పెడలు ముందుగాల మొద్దు లెక్క ఉండి తర్వాత ఒక్కసారి లేస్తున్నది. క్లచ్చు లివరు పొడుగు పెడితె ఒత్తనీకె సులువైంది, కానీ గేరేసెటప్పుడు వేళ్ళు అందుతలేవు. పాత ఇంజనుల చెయ్యి ఎంత అడిగితె బండి అంతే ఇచ్చేది. ఇది కాళ్ళున్నోళ్ళ కోసం జేసిన బండి. దానికి చెయ్యి భాష తెల్వదు.

ఏసుపాదం మోకాళ్ళ ముడి విప్పుకొని సిమెంటు గద్దె మీద కూలవడ్డడు.

"తప్పు నాది తమ్మీ. ఇంజను చూసిన, నిన్ను చూడలే."

"పోనియ్యన్నా. నువ్వేం కావాల్నని చేసినవా?"

"పోనిచ్చేదేంది? పాత ఇంజను తెస్త. బోరు కొట్టించి, రింగులేసి, కొత్తదాని లెక్క జేసి మల్ల కూసుండబెడ్త. రాడ్డు గూడ మల్ల కేబుల్ మీదికే తెస్త. బండి కార్డుల ఇంజను నంబరు గూడ అదే ఉన్నది, ఎవనికీ జవాబు చెప్పే పని లేదు."

కాటయ్య ముఖం చూడాలె అప్పుడు. నలభై అయిదేండ్ల మనిషి, కింది పెదవి వణుకుతుంటె పండ్లతోని పట్టుకున్నడు.

"దొర్కుతదా అన్నా?"

"దొర్కకపోతె నన్ను మేస్త్రి అనకు."

*

సోమవారం మొదటి బస్సుకే కోదాడ పోయిండు. లింగస్వామి స్క్రాపు దుకాణం ముందల కుర్చీ ఏసుకొని ఇడ్లీ తింటున్నడు.

"ఆ ఇంజనా? ఇంకెక్కడుందండీ మేస్త్రిగారూ!" అన్నడు. "వచ్చిన రెండో రోజే పట్టుకెళ్ళారు. మిర్యాలగూడ ఆయన, నరేందర్ అని, టెంట్‌హౌసు. జనరేటర్ చేయిస్తాడంట."

"గసొంటిదే ఇంకోటి?"

"ఆ బళ్ళే రావట్లేదు గదా ఇప్పుడు. వచ్చినా బ్లాకు పగిలిపోయే వస్తన్నాయి." అట్లని నోట్లె ఇడ్లీ ముక్క ఉండంగనే నరేందర్ నంబరు వెతికి ఇచ్చిండు.

హుజూర్‌నగర్ మీదికెల్లి మిర్యాలగూడ చేరెవరకు పన్నెండు దాటింది. టెంట్‌హౌసు వాకిట్ల గుంజలు, గిన్నెలు, మడతబెట్టిన పందిరి గుడ్డలు. ఒక మూలకు, కొత్తగ వెల్డింగ్ జేసిన ఇనుప ఫ్రేము పక్కన ఇంజను ఉన్నది. ఏసుపాదం పోయి దాని మీద చెయ్యి పెట్టిండు. ఇంక ఎవరు విప్పలే. బతికిననుకున్నడు.

నరేందర్ ఇయ్యనీకె ఒప్పుకోలే. "లేదన్నా, ఫ్రేము గూడ చేయించిన. లగ్గాల సీజను మీదికొచ్చింది. గవర్నమెంటు కరెంటు నమ్ముకొని నేను దావత్ ఒప్పుకుంటనా? నువ్వే చెప్పు."

అరుగుమీద ఆయన పెండ్లాం సంతోషి కుర్చీల ముసుగులు కుడుతున్నది. మిషను ఆపకుండనే అడిగింది. "ఎవరి బండిదన్నా అది?"

"మా సూర్యాపేట కాటయ్యదమ్మా. చేతులతోని నడుపుతడు."

మిషను ఆగింది. "మిషన్ల కాటయ్యన్నదా?"

"ఆఁ."

"గదేంది, నాకు చెప్పరేంది మీరు!" సంతోషి లేశి నిలబడ్డది. మొగునిదిక్కు తిరిగి, "పోయినేడు బతుకమ్మ ముందల నా మిషను విరిగితె వానల వచ్చిండాయన. గీ అరుగుమీదనే కూసోని చీకటయ్యెదాక చేసిండు. ఆ రెండు వందల జాకిట్లు కుట్టకపోతె నా ముఖం ఎవరు చూస్తుండె? ఆయన బండి ఇంజను మనకెందుకు? ఇచ్చెయ్."

నరేందర్ తల గోక్కున్నడు. ఫ్రేమును చూసిండు, పెండ్లాన్ని చూసిండు. "తీస్కపో అన్నా. మా ఇంట్ల ఆమె మాటెత్తినంక ఇగ నా మాటేడిది."

"బుధవారం ట్రాలీ తెస్త" అన్నడు ఏసుపాదం. సంతోషి చాయ్ పోసింది. కాటయ్యకు ఫోన్ జేద్దామని సెల్ తీసి మల్ల జేబుల పెట్టుకున్నడు. ఫోన్ల చెప్తె ఏం మజా ఉంటది? ఆయన ముఖం చూసుకుంట చెప్పాలె.

*

మంగళారం పొద్దుగాల షెడ్డు షట్టరు లేపుతుంటె బుచ్చమ్మ వచ్చింది. నడిచే వచ్చింది. కొంగు భుజం చుట్టు తిప్పుకొని, నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది.

"కూసో చెల్లె. నేనే వద్దామనుకుంటున్న. సంబురమైన ముచ్చట..."

"దొర్కిందా?"

"దొర్కింది!"

బుచ్చమ్మ ముఖంల రక్తం లేదు. "అన్నా, దాన్ని తేవద్దు."

ఏసుపాదంకు సమజ్ కాలే.

"రెండేండ్ల కింద మునగాల కాడ లారీ రాసుకొని పోయిందన్నా. బండి పొలాలల్లకు దిగింది. ఆయనకు దిగొచ్చెతందుకు కాళ్ళు లేకపాయె, ఫోను కింద వడిపాయె. గంట సేపు గట్లనే కూసున్నడట. అద్దం వేరే కాడ మార్పించుకొని వచ్చిండు, నీకు తెలుస్తదని. నాకు గూడ చెప్పలే. అక్కడి దాబా ఆమె మిషను తెచ్చినప్పుడు చెప్పింది." ఆమె ఊపిరి పీల్చుకున్నది. "పద్దెనిమిదేండ్లాయె. పొద్దుగాల బండి పోతది, నా పాణం దానెనకనే పోతది. మల్ల వాకిట్లకు వచ్చెదాక నా నోట్లె ముద్ద దిగదు. ఈ పది దినాలే నేను కడుపునిండ తిన్న. తప్పేనా అన్నా? చెప్పు."

ఏసుపాదం షట్టరు ఇడిసి ఆమె దిక్కు తిరిగిండు. "చెల్లె, ఆయన వీరేందర్ కోసం గంటలకు గంటలు అరుగులమీద కూసుంటుండు. నీళ్ళు గూడ తాగుతలేడు. తెల్సా నీకు?"

"తెల్సు." ఆమె కండ్లల్లకెల్లి నీళ్ళు కారుతున్నయి, తుడుచుకుంటలేదు. "తాగకపోతె తాగకపాయె. బతికి అయితె ఉన్నడు గద!"

షెడ్డు ముందట ఆటోలు పోతున్నయి. ఏసుపాదంకు మార్కెట్ యార్డుల కాటయ్య ముఖం కనవడ్డది. మునగాల పొలాలల్ల ఒరిగిన కారు గూడ కనవడ్డది. ఆ రాడ్డు జేసింది తన చేతులే. రేపు ఏమన్నయితె ఆ రాడ్డును చూసుకుంట ఎట్ల బతకాలె?

"దొర్కలేదని చెప్పన్నా. ఒక్క మాట. నీ మాట నమ్ముతడు. నీ కాళ్ళు మొక్కుత." ఆమె వంగింది.

"అరే, వద్దు, లే. లే తల్లీ." రెండడుగులు ఎనకకు జరిగి, "చెప్త తియ్" అన్నడు.

*

పొద్దుమీకె ముందల కాటయ్య ఇంటికి పోయిండు. మార్కెట్ ఎనక గల్లీల చిన్న ఇల్లు. అరుగుమీద ఒక మిషనును ఎల్లకిల పండబెట్టి, దాని ఇనుప పండ్ల కింద ఇరికిన దారం పీసును కాటయ్య పట్కారుతోని గుంజుతున్నడు. ఏసుపాదంను చూసి చెయ్యి ఆపలే. "రా అన్నా, కూసో" అన్నడు. లోపల గిన్నెల సప్పుడు ఆగింది.

ఏసుపాదం అరుగు అంచుకు కూసున్నడు. దారి పొడుగూత అనుకొని వచ్చిన మాటలు ఒక్కటి గూడ యాదికి లేవు.

"కోదాడ పోయొచ్చిన తమ్మీ."

"ఊఁ."

"దొర్కలే. కరగబెట్టిండ్రట."

పట్కారు ఆగింది. కాటయ్య ఆ దారాన్ని తెగకుండ మొత్తం గుంజి, వేలికి చుట్టుకొని, తీసి పక్కన పెట్టిండు.

"కరగబెట్టిండ్రా?"

"ఆఁ. మనం ఆలస్యం చేసినం."

"మరి సంతోషి పొద్దుగాల ఫోన్ చేసిందన్నా." కాటయ్య గొంతు లేవలే. "మబ్బు పట్టింది, ఇంజను మీద రెండు పరదలు కప్పిన, మీ మేస్త్రి బుధవారం వస్తనన్నడు, వస్తుండా అని అడిగింది. తప్పకుండ వస్తడమ్మా అని చెప్పిన. పొద్దుగాల కాంచి వాకిట్లనే కూసున్న, నువ్వొచ్చి చెప్తవని."

ఏసుపాదం తల ఎత్తలే.

కాటయ్య లోపలి తలుపు దిక్కు ఒకసారి చూసిండు. "ఆమె వచ్చిందా నీ కాడికి?"

ఏసుపాదం చూపు గూడ ఆ తలుపు మీదికే పోయింది.

"ఆమెననను. ఆమె భయం ఆమెది. నా పాణం మీది ఆశతోనే భయపడుతది. నువ్వు గట్ల కాదు గదన్నా. నా చేతులేందో నీకెర్క. నీకంటె ఎక్కువ ఎవనికీ ఎర్క లేదు. ఇంజను మార్చేటప్పుడు నన్నడగకపోతిరి. సరే, మంచికే అనుకున్న. ఇప్పుడు వద్దనుకునేటప్పుడన్న అడగాల్నా వద్దా? బుచ్చీ గిట్లన్నది, నువ్వేమంటవ్ కాటయ్యా అని, ఒక్క మాట?" ఆయన గొంతు అప్పుడు పగిలింది. "అందరి కాడ నేను కాళ్ళు లేనోన్నే. నీ కాడ గూడ గంతేనా అన్నా?"

"తప్పయింది తమ్మీ." ఏసుపాదం లేశిండు. "ఇప్పుడే పోత. ట్రాలీ మాట్లాడుకొని ఇప్పుడే పోత. రేపు పొద్దుగాలకల్లా నీ ముందట దించుత. ఎవరేమన్నా ఇగ ఇనను."

"వద్దు. కూసో."

"లే, నేను..."

"కూసో అన్నా. ఇంట్ల ఆమె వద్దంటున్నది. చేసి ఇచ్చినోనివి నువ్వు వద్దనుకున్నవ్. గింతమంది వద్దనుకున్న బండెక్కి నేను ఏడికి పోవాలె?"

తలుపు కాడ బుచ్చమ్మ నిలబడి ఉన్నది. రెండు చేతుల్ల రెండు చాయ్ గ్లాసులు. ముందటికి వస్తలేదు, ఎనకకు పోతలేదు. కాటయ్య అంగి జేబుల ఫోను తీసి, బొటనవేలు బొబ్బ తగలకుండ చూపుడువేలితోని నొక్కి చెవికి పెట్టుకున్నడు.

"సంతోషీ, నేనమ్మా, కాటయ్యను. ఇంజను మీరే పెట్టుకోండ్రి... లేదు లేదు, ఏసన్న మంచిగనే చెప్పిండు. ఆయన రేపే తెస్త అంటుండు. నేనే వద్దంటున్న. చేతులు నొస్తున్నయి ఈ నడుమ, ఇగ మునుపటి లెక్క ఏడ నడుపుత?... అయ్యో, గట్ల ఏడుస్తరా ఎవరన్న? ఏం కాలేదమ్మా, మంచిగనే ఉన్న... నీ మిషను ఎట్లున్నది, మల్ల దారం తెంపుతున్నదా?" కాసేపు ఇన్నడు. అవతలామె ఏదో అడిగింది.

"ఏ రోజని చెప్పలేనమ్మా" అన్నడు కాటయ్య. "వీరేందర్‌కు ఎప్పుడు తీరితె అప్పుడు తీస్కొస్తడు."